చేప మచ్చ

మా అమ్మ ఇంట్లో కుదురుగా కూర్చుని ఉండగా నేను చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే అన్నం వార్చి, గిన్నెల మీద మూతలు పెట్టి, చీర గోచీ పోసుకుని తోటలోకి పోయేది. మధ్యాహ్నం తినడం కూడా చాలాసార్లు అక్కడే, జీడిమామిడి కొమ్మ మీద కాళ్లు వేలాడేసుకుని. జీడిమామిడి కొబ్బరిచెట్టులా నిటారుగా పోదు, నేలకి దగ్గర్లోనే నాలుగు వైపులకీ పాకుతుంది. అందుకని యాభై దాటినా ఆవిడ చెట్లెక్కడం మానలేదు. ఎవరైనా ఈ వయసులో ఎందుకమ్మా అంటే, చెట్టుకి లేని అభ్యంతరం నీకెందుకని అడిగేది.

ఉద్దానంలో, అక్కుపల్లికి ఇవతల మా ఊరు. పని తొందరగా తెమిలిందంటే ఇసక దారిలో సముద్రం దాకా నడిచిపోయి, నడుముల్లోతు నీళ్లలో మునిగి, తడిచీరతోనే తిరిగొచ్చేది. ఇల్లు చేరేసరికి చీర ఆరిపోయేది. జుట్టులో ఇసక మాత్రం రెండు రోజులుండేది. అక్కడ చేపలమ్మే ఆడవాళ్లందరూ ఆవిడకి స్నేహితులే. ఓ పనసపండిచ్చి ఓ గంపెడు కబుర్లూ, నాలుగు చేపలూ తెచ్చుకునేది.

వేసవిలో పండిన జీడిమామిడి పళ్ల వాసనకి మా తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. పొద్దు పొడవకముందు మగవాళ్లే నలుగురు కలిస్తే గాని లోపలికి వెళ్లరు. మా అమ్మ ఒక ఖాళీ నూనె డబ్బాకి తాడు కట్టి మెడలో వేసుకుని, కర్రతో దాన్ని బాదుకుంటూ, ఎలుగుబంటిని దాని ఏడు తరాలతో సహా తిట్టుకుంటూ ఒక్కతే పోయేది. ఆడమనిషిని ఒంటరిగా పంపుతావేంట్రా అని ఊళ్లో ఎవరో అంటే, నెమ్మదస్తుడైన మా నాన్న నవ్వి, నా బెంగంతా ఎలుగుబంటి గురించే అన్నాడట.

ఇప్పుడు ఇవన్నీ గొప్పగా రాస్తున్నాను. అప్పుడు నాకు ఇవన్నీ తలవంపులు.

నన్ను కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఇంట్లో ఇచ్చారు. రోడ్డు మీదకి మేడ, వెనక పెద్ద షెడ్డు. షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు కొట్టి పప్పు తీసేవారు. జీడి పిక్క పెంకులో ఉండే సొన ఒంటికి తగిలితే కాలుస్తుంది కాబట్టి చేతులకి నూనె, బూడిద రాసుకునేవారు. ఎంత రాసుకున్నా వాళ్ల వేళ్లు నల్లగా మాడినట్టు ఉండేవి. మా అత్తవారింటి ఆడవాళ్లు పప్పు తినడమే గాని, పచ్చి పిక్కని ముట్టుకున్న పాపాన పోలేదు. తోట ఎలా ఉంటుందో కూడా వాళ్లకి తెలీదు. మా అమ్మ వేళ్లు మాత్రం అచ్చం ఆ షెడ్డులో ఆడవాళ్ల వేళ్లలాగే ఉండేవి. ఆవిడ కాఫీ గ్లాసు అందుకున్నప్పుడు మా అత్తగారి కళ్లు ఆ వేళ్ల మీదకి పోయేవి, నా కళ్లు మా అత్తగారి మీదకి పోయేవి.

నెలకోసారి బస్సు దిగి, నెత్తిన పనసపండో కొబ్బరికాయల బస్తానో పెట్టుకుని, ఇసక కాళ్లతో వీధి గుమ్మంలోంచే వచ్చేది. ఒకసారి పెరటి వైపు నుంచి రమ్మని చెప్పాను. ఇంకోసారి చెప్పులు వేసుకోమని చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, లేదా అనుకున్నట్టు నాకు కనిపించనివ్వలేదు. ఒక జత చెప్పులు కొనుక్కుని సంచిలో పెట్టుకుని వచ్చేది. మా సందు మొగలో ఆగి, తీసి తొడుక్కునేది. వెళ్లేటప్పుడు మళ్లీ అక్కడే విప్పేసేదని పక్కింటావిడ నవ్వుతూ నాకు చెప్పింది. నేను నవ్వలేదు.

నాకు ఒక్కత్తే కూతురు. దానికి మాత్రం అమ్మమ్మంటే ప్రాణం. నాలుగో ఏటి నుంచీ ప్రతి వేసవికీ అక్కడికే పోయేది. కొమ్మలెక్కడం, రాలిన పళ్లలోంచి పిక్క తిప్పి వేరు చేయడం, సముద్రంలో అల వచ్చేటప్పుడు వీపు తిప్పి నిలబడటం, అన్నీ మా అమ్మే నేర్పింది. డబ్బా బాదడం దాని వంతు, తిట్టడం అమ్మమ్మ వంతు. సెలవులయ్యాక నల్లగా కమిలిపోయి, మోకాళ్లు చీరుకుపోయి, కొత్త తిట్లు నాలుగు నేర్చుకుని వచ్చేది. పిల్లని మళ్లీ మనుషుల్లో కలపడానికి నెల పడుతుందని మా అత్తగారు అనేవారు. నేను కొబ్బరినూనె రాసి దాని తల దువ్వేదాన్ని.

తొంభైల చివర్లో, దానికి తొమ్మిదేళ్లప్పుడు, మా ఆడపడుచుకి నిశ్చితార్థం కుదిరింది. ఇల్లంతా చుట్టాలు. రేపు నిశ్చితార్థమనగా మా అమ్మ పిల్లని తీసుకుని వచ్చింది. పరికిణీ, పొడుగు చేతుల జాకెట్టు వేసి తెచ్చింది. ఆ ఎండలో పొడుగు చేతులేంటని మా అత్తగారే పైకి మడిచారు. ఎడమ మోచేతికి కింద, వేలెడు పొడుగున బొబ్బెక్కి ఉంది. చుట్టూ ఎర్రగా వాచి, నీరు పట్టి, చూడ్డానికే ఒళ్లు జలదరించేలా ఉంది. ఆ బొబ్బ చేప ఆకారంలో ఉంది. తోక కూడా తెలుస్తోంది. ఆ సంగతి అక్కడున్న వాళ్లెవరూ అనలేదు. నేనూ అనలేదు.

పిల్ల తల వంచుకుని అమ్మమ్మ కొంగు పట్టుకుంది. ఏమైందని అందరూ ఒకేసారి అడిగారు. మా అమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసి, నా వైపు తిరిగి చెప్పింది.

"నా సేతి సొనేనమ్మా. పిక్కలేరిన సేత్తో మరిసిపోయి గుంట సెయ్యి పట్టుకున్నాను. తప్పు నాదే."

మా అత్తగారు ఆడపిల్ల ఒంటి మీద మచ్చ గురించి చుట్టాలకి వినపడేలా నిట్టూర్చారు. ఇంకొకావిడ, వాళ్లు అలాగే తిరుగుతారు కదమ్మా, వాళ్లకేం తెలుస్తుంది అంది. ఆ 'వాళ్లు'లో నేనూ ఉన్నానని నాకు తలకొట్టేసినట్టయింది. ఆ గుంపులోంచి నేను బయటపడాలి. బయటపడే దారి ఎదురుగానే నిలబడి ఉంది, చెప్పులు తొడుక్కుని.

"నీ తిరుగుడు నీతోనే ఉంచుకో," అన్నాను. "నా కూతుర్ని ఇంక నీ తోటకి పంపను. ఎప్పటికీ పంపను. అడగొద్దు కూడా."

నన్ను పేరు పెట్టి పిలుస్తుందనీ, నాలుగు మాటలు గట్టిగా అంటుందనీ అనుకున్నాను. ఎలుగుబంటిని తిట్టిన నోరు అది. సరేలే అని మాత్రం అంది. పిల్ల చేతిలోంచి కొంగు మెల్లగా విడిపించుకుని, వీధి గుమ్మంలోంచే వెళ్లింది. గుమ్మం మెట్ల మీదే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. నిశ్చితార్థానికి ఉండమని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం మా అత్తగారు నాతో ఎప్పుడూ లేనంత ఆప్యాయంగా మాట్లాడారు. పువ్వులు తెప్పించి నా తలలో ఆవిడే తురిమారు. నాకు బాగుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఆ సాయంత్రం చాలా బాగుంది.

ఇంతవరకూ ఒక సంగతి చెప్పకుండా దాటేస్తూ వచ్చాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఇక్కడికొచ్చి లేచిపోతున్నాను.

మా వైపు పిల్లలకి జీడి సొనతో ఒక ఆట ఉంది. పచ్చి పిక్కని ముల్లుతో గుచ్చి, కారిన సొనతో చేతి మీద బొమ్మ గీసుకుంటారు. గీసిన రోజు ఏమీ ఉండదు. మర్నాటికి మండుతుంది, బొబ్బెక్కుతుంది, పక్కు కట్టి ఊడిపోతుంది. బొమ్మ మాత్రం నల్లగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పెద్దవాళ్లు చావబాదుతారని తెలిసీ గీసుకుంటారు. ఉద్దానంలో పుట్టినవాళ్లెవరికైనా ఆ మచ్చ చూడగానే తెలిసిపోతుంది. చెయ్యి తగిలితే చేప రాదు, తోక అసలే రాదు.

నేనూ గీసుకున్నాను. పదేళ్లప్పుడు, ఎడమ మణికట్టు మీద. పువ్వు గీద్దామనుకున్నాను, చింతపిక్కలా వచ్చింది. మా నాయనమ్మ గట్టి మనిషి, చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది. మచ్చున్న గుంటని ఎవడు చేసుకుంటాడని ఆవిడ కేకలేస్తుంటే, మా అమ్మ ముందుకొచ్చి తన చేతి సొన తగిలిందని చెప్పింది. సరిగ్గా ఇవే మాటలు. పిక్కలేరిన చేత్తో మరిచిపోయి పట్టుకున్నాను, తప్పు నాదే అని. నాయనమ్మ ఆవిడని కొట్టలేదు గాని, ఆ ఏడు పిక్కలేరినన్నాళ్లూ తోటలోకి అడుగు పెట్టడానికి వీల్లేదంది. కాలు ఒకచోట నిలవని మనిషి రెండు నెలలు పెరటి గడప మీద కూర్చుని, తోట నుంచి వచ్చేవాళ్లని ఈరోజు ఏ చెట్టు కింద ఎన్ని రాలాయని అడుగుతూ ఉండేది. నేను పక్కనే కూర్చుని పలక మీద లెక్కలు చేసుకునేదాన్ని. నిజం చెప్పేస్తానని ఒకసారి ఆవిడ చెవిలో అన్నాను. ఆవిడ నా నోరు మూసేసింది.

"సెప్పకు. నిన్నయితే కొడతాది. నన్నేటి సేస్తాది?"

నేను చెప్పలేదు. పదేళ్ల పిల్లని కదా అని ఆ తప్పుని ఎప్పుడో మాఫీ చేసేసుకున్నాను. పెళ్లి చూపులకి ముందు వెడల్పాటి పట్టీ ఉన్న వాచీ ఒకటి కొనిపించుకుని మచ్చ మీద కట్టుకున్నాను. మా ఆయన ఎప్పుడో చూసి అడిగితే నూనె చిందిందన్నాను. నిశ్చితార్థం ముందు రోజు నా కూతురి చెయ్యి చూసినప్పుడు కూడా ఆ వాచీ నా చేతికుంది. ఆ ఇంట్లో మా అమ్మ చెప్పింది అబద్ధమని గ్రహించగల మనిషిని నేనొక్కదాన్నే. గ్రహించాను కూడా. క్షణం పట్టలేదు. ఆ అబద్ధం నాకు పనికొచ్చింది, అందుకని నమ్మినట్టు నటించాను.

ఆ మరుసటి ఏడాది మా ఆయన వ్యాపారంలో ఇమడలేక టెక్కలిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. మేం అక్కడికి మారిపోయాం. అత్తగారు లేరు, చుట్టాలు లేరు, ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. అప్పుడైనా పిల్లని పంపొచ్చు. పంపలేదు. పంపితే ఆ రోజు అన్న మాట తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. వేసవి రాగానే అది అడిగేది. ఈ ఏడు ట్యూషన్ అన్నాను. తర్వాతి ఏడు ఎండలన్నాను. మూడో ఏడు అది అడగలేదు.

మా అమ్మే వచ్చేది. పిక్కలు ఇంకా లేతగా ఉన్నప్పుడే కోసి, చేతులు కాల్చుకుని ఒలిచి, పచ్చి జీడిపప్పు ఆకులో చుట్టి తెచ్చేది. లోపలికి రమ్మంటే, గాలాడదని మెట్ల మీదే కూర్చునేది. పిల్ల వచ్చి పక్కన కూర్చునేది. నేను ఆ గంటసేపూ అక్కడక్కడే తచ్చాడేదాన్ని, వాళ్లిద్దరినీ ఒంటరిగా వదలకుండా. ఒకసారి మా అమ్మ దాని చెయ్యి చూస్తూ, సేప ఈదతందా అని అడిగింది. అది గబుక్కున చెయ్యి ఒళ్లో దాచుకుని నవ్వింది. నేను విన్నాను. కాఫీ చల్లారిపోతోందమ్మా అన్నాను.

మరో రెండేళ్లకి మా అమ్మకి కాళ్లు వాచాయి. మా వైపు కాళ్లు వాచాయంటే ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కవిటి నుంచి మా ఊరి దాకా ఏ వీధిలో చూసినా కిడ్నీ జబ్బు మనిషి ఒకరుంటారు. విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాం. ఉప్పు మానమన్నారు, నీళ్లు కొలిచి తాగమన్నారు, ఎండలో తిరగొద్దన్నారు. మొదటి రెండింటికీ తలూపింది. మూడోదానికి డాక్టరు వైపు జాలిగా చూసింది. కానీ ఆ జబ్బు డాక్టరంత మర్యాదగా చెప్పలేదు. ఫిబ్రవరికల్లా పెరటి తలుపు దాకా నడవడమే గగనమైపోయింది.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు నా కూతురు నా దగ్గరికొచ్చి నిలబడింది. అప్పటికి పద్నాలుగో ఏడు. చేప తనే గీసుకుందట. అమ్మమ్మ అప్పుడు పిక్కలు ఆరబెడుతోందట, చూడనే లేదట. చూశాక చెయ్యి కడిగి, కొబ్బరినూనె రాసి, నువ్వు నోరు మెదపొద్దు నేను చూసుకుంటానందట. ఇన్నేళ్లూ చెప్పలేక చచ్చిపోయానమ్మా అని ఏడ్చింది. నేను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను. దాన్ని దగ్గరికి తీసుకుని, ముందే చెప్పొద్దా తల్లీ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు ఒక్కదాన్నే ఊరెళ్లాను. మా అమ్మ పెరట్లో నులకమంచం మీద, తోటకి ఎదురుగా కూర్చుని ఉంది. మొహం ఉబ్బిపోయింది. వేళ్లు మాత్రం మొదటిసారి తెల్లబడ్డాయి. ఆ ఏడు ఒక్క పిక్క కూడా ముట్టలేదు మరి. నూనె డబ్బా చూరుకి వేలాడుతోంది. నేను దారంతా కూడబలుక్కున్న మాటలు అప్పజెప్పాను. పిల్ల నిజం చెప్పిందనీ, నిన్ను అనవసరంగా అన్నాననీ, వచ్చే ఆదివారం దాన్ని తీసుకొస్తాననీ. కాళ్లు పట్టుకోబోయాను. పట్టుకుంటే సొట్ట పడతాయని ఆవిడే వెనక్కి లాక్కుంది.

ఆవిడ నా వాచీ వైపు చూసింది.

"నాను సెప్పింది అబద్దమని నీకా రోజే తెల్దేటే?"

తెలుసంటే, తెలిసే పిల్లని దూరం చేశానని ఒప్పుకున్నట్టు. తెలీదంటే, నా కోసం ఆవిడ రెండు నెలలు గడప మీద కూర్చున్న సంగతే మరిచిపోయానని. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే.

"తెలీదమ్మా," అన్నాను.

పోన్లే అంది. ఎండెక్కుతోంది, అన్నం తిని వెళ్లమంది.

ఆదివారం పిల్లని తీసుకెళ్లాను. అది వెళ్లీ వెళ్లగానే చూరు నుంచి డబ్బా దింపి, తోటలోకి పోయి, మోగిస్తూ తిరిగింది. మా అమ్మ మంచం మీద నుంచే, చప్పుడుని బట్టి అది ఏ చెట్టు దగ్గరుందో చెప్తూ, ఇంకా ఎడమకెల్లు, పుట్ట పక్కన సూడు అని కేకలేసింది. ఒళ్లో పోసిన పిక్కలు ఇద్దరూ కలిసి చూసుకున్నారు. మాకు అలాంటి ఆదివారాలు ఆ వేసవిలో ఏడో ఎనిమిదో దొరికాయి. ఆవిడ దసరా వరకే ఉంది. తొమ్మిదో ఏటి నుంచి పద్నాలుగో ఏటి దాకా మధ్యలో పోయిన వేసవులన్నీ నేను పోగొట్టినవి.

ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో మజ్జిగ చిలుకుతున్నాను. వంటింటి కిటికీ పెరట్లోకే ఉంటుంది. నా కూతురు మంచం పట్టె మీద కూర్చుని, మెల్లగానే అయినా నాకు వినపడేలా అడిగింది.

"అమ్మమ్మా, అమ్మకి ముందే తెలుసు కదా? అమ్మ వాచీ కింద కూడా మచ్చ ఉంది. నేను చూశాను."

నా చేతిలో కవ్వం ఆగిపోయింది. అది ఎప్పుడు చూసిందో, ఎన్నాళ్లుగా ఆ మాట లోపల పెట్టుకుందో నాకు తెలీదు. మా అమ్మ వెంటనే జవాబు చెప్పింది. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు.

"మీ అమ్మకి తెల్దే, పాపం. దాని సెయ్యి సిన్నప్పుడు నిజంగానే నా సేతి సొన తగిలి కాలింది. తప్పు నాదే. దాన్నేటీ అనకు."

కిటికీలోంచి, కాదు, నేనే గీసుకున్నాను, నాకు అన్నీ తెలుసు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు అప్పటికి నలభై దగ్గర పడుతోంది, కొట్టడానికి మా నాయనమ్మ కూడా లేదు. కవ్వం తీసి పక్కన పెట్టాను. మజ్జిగ పిల్లకి ఒక గ్లాసు నిండా పోశాను. మా అమ్మకి డాక్టరు చెప్పిన కొలత ప్రకారం అర గ్లాసు పోసి, ఉప్పు వేయకుండా తీసుకెళ్లి ఇచ్చాను.